సిల్వర్ ఎన్‌ఎస్‌ఎక్స్: రాళ్ల దెబ్బలు వదిలెయ్, ఆ ఫెండరు సంగతి తేల్చుకో

అన్నా అని మొదలుపెట్టావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. నీ ప్రశ్న చదివాను, పెట్టిన ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో సంగతి ఇదీ: హ్యూస్టన్‌లో అమ్మకానికి ఉన్న 1991 అక్యురా ఎన్‌ఎస్‌ఎక్స్ (హోండా వాళ్ల స్పోర్ట్స్ కారే, అమెరికాలో అక్యురా పేరుతో అమ్మారు), సెబ్రింగ్ సిల్వర్ రంగు, నల్ల రూఫు, 5 గేర్ల మాన్యువల్, 86 వేల మైళ్లు. పెయింటు మొత్తం ఒరిజినల్ అని అమ్మేవాడి మాట. ముక్కు నిండా రాళ్ల దెబ్బలు, కుడి ముందు ఫెండరు (ముందు చక్రం మీది రేకు) పక్క ప్యానెళ్ల కంటే కాస్త ముదురు, ఎడమ డోరు కింది అంచున వేరుశనగ గింజంత పొక్కు, వెనక స్పాయిలర్ మీద మసకబారిన క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పొర). ఇవీ నీ కంటబడినవి. ఇన్ని లోపాలున్న బండికి అడిగినంతా ఇవ్వాలా, లేక ఆస్టిన్‌లో అద్దంలా మెరుస్తున్న ఆ ఎర్రదాని వెనకపడాలా అని అడిగావు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ముక్కు మీద దెబ్బలు, స్పాయిలర్ లెక్కలోకి తీసుకోకు. పొక్కుకి డబ్బు తగ్గించుకో. ఫెండరు వెనక కథ తేలేదాకా అడ్వాన్సు కట్టకు. ఇక ఎర్రదాని విషయం చివర్లో చెబుతాను, నాకు దాని మీదే ఎక్కువ అనుమానం.

నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెబితే మిగతాది నీకు సులువుగా అర్థమవుతుంది. మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. ఎండాకాలం సెలవులంతా నా చేతిలో వాటర్ పేపరు, పక్కన నీళ్ల బకెట్టు. మామయ్య కొనబోయే అంబాసిడర్ చుట్టూ ఒక చిన్న అయస్కాంతం పట్టుకుని తిరిగేవాడు. అతుక్కున్న చోట రేకు, జారిపోయిన చోట పుట్టీ. అంతకంటే పెద్ద పరికరం ఆయనకి అవసరం రాలేదు.

అదే తెలివితేటలతో 2014లో నేను నా మొదటి ఎన్‌ఎస్‌ఎక్స్ చూడటానికి వెళ్లాను. జేబులో ఫ్రిజ్ అయస్కాంతం. హుడ్ (బానెట్) మీద పెట్టాను, జారింది. డోరు మీద పెట్టాను, జారింది. అమ్మేవాడు నవ్వి, "సర్, ఇది అల్యూమినియం" అన్నాడు. తెలిసిన విషయమే, అయినా చెయ్యి పాత అలవాటు మానలేదు. ఆ నవ్వుకి సిగ్గుపడి, పెయింటు మెరుపు చూసి మురిసిపోయి కొనేశాను. రెండో ఎండాకాలానికి కుడి వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం మీది రేకు) మీద పొక్కులు లేచాయి. గీకించి చూస్తే లోపల పుట్టీ దిబ్బరొట్టె మందాన ఉంది. దాని కింద రేకు సొట్టల్ని సరిచేయకుండా వదిలేసి పైన పులిమేశారు. అప్పుడు కట్టిన బిల్లే ఈ సమాధానం రాయిస్తోంది.

ఈ కారు సంగతి వేరని ఎందుకంటానంటే, దీని ఒళ్లంతా అల్యూమినియమే. బాడీ మొత్తం అల్యూమినియం మోనోకాక్‌గా, అంటే వేరే చట్రం లేకుండా బాడీయే బరువు మోసేలా, కట్టి మార్కెట్లోకి తెచ్చిన తొలి కార్లలో ఇదొకటి. స్టీలుతో కట్టి ఉంటే అయ్యే బరువు కంటే బాడీ ఒక్కదాని మీదే దాదాపు 200 కిలోలు తగ్గించారు. హోండా వాళ్లు టోచిగిలోని టకనెజావాలో ఇందుకోసమే ఓ చిన్న ప్లాంటు పెట్టి, పనితనం ఉన్న మనుషుల్ని ఏరి తెచ్చుకుని తయారు చేశారు. పెయింటు 23 అంచెల పని. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది, బయటికి ఎప్పటికీ కనిపించనిది, విమానాలకు వాడే తరహా క్రోమేట్ పూత. అల్యూమినియం గాలి తగిలిన కాసేపటికే పైన ఆక్సైడు పొర కట్టుకుంటుంది, ఆ పొర మీద పెయింటు గట్టిగా పట్టుకోదు. క్రోమేట్ పూత రేకుతో రసాయనికంగా కలిసిపోయి పెయింటుకి పట్టు ఇస్తుంది, లోపలికి తేమ చొరకుండా అడ్డం పడుతుంది. దాని పైన ప్రైమర్లు, నీటి ఆధారిత బేస్ కోటు (రంగు పొర), ఆ పైన క్లియర్.

ఇప్పుడు ఆలోచించు. ఎవడో ఒక ప్యానెల్‌ని గ్రైండరు పెట్టి తళతళలాడే రేకు దాకా గీకేశాడంటే ఆ క్రోమేట్ పొర పోయినట్టే. తర్వాత ఎంత ఖరీదైన పెయింటు కొట్టినా ఫ్యాక్టరీలో వేసిన ఆ పునాది అలాగే తిరిగి రాదు. మంచి షాపువాళ్లు ఎచింగ్ చేసి (రసాయనంతో రేకుని గరుకు చేసి), ఎపాక్సీ ప్రైమర్ వెంటనే కొట్టి, చాలావరకు కాపాడతారు. హడావుడి షాపు గీకిన రేకుని రాత్రంతా వదిలేసి మర్నాడు కొడుతుంది. ఇంకా ఘోరం, పొద్దున స్టీలు బండి మీద వాడిన డిస్కుతోనే దీన్నీ గీకుతుంది. స్టీలు రజను అల్యూమినియంలో ఇరుక్కుని, తేమ తగిలితే బ్యాటరీలాగా పనిచేసి లోపల్నుంచి తినేస్తుంది. నా క్వార్టర్ ప్యానెల్ కథ అదే. అందుకే నేను ఈ బండి పెయింటులో లోపం కనబడితే మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ చోట ఎవరైనా రేకు దాకా వెళ్లారా? వెళ్లకపోతే ఎంత వికారంగా ఉన్నా భయం లేదు. వెళ్లి ఉంటే ఎంత అందంగా ఉన్నా నాకు నిద్రపట్టదు.

ఆ ప్రశ్నకి సగం జవాబు మీటరు చెబుతుంది. అమ్మేవాడు ఫొటోలో పెట్టిన చవక మీటరు చూశాను. అది ఏ రకమో అడుగు. పెయింటు మందం కొలిచే మీటర్లు రెండు పద్ధతుల్లో పనిచేస్తాయి. ఇనుము మీదైతే అయస్కాంత పద్ధతి, అల్యూమినియం మీదైతే ఎడ్డీ కరెంట్ పద్ధతి. మొదటి రకం మాత్రమే ఉన్న మీటరు ఈ బండి మీద పెడితే అంకె రాదు, లేదా పనికిరాని అంకె వస్తుంది. పెట్టె మీద నాన్ ఫెర్రస్ (ఇనుము కాని లోహం) అనో ఎన్‌ఎఫ్‌ఈ అనో రాసి ఉండాలి. కొలిచే ముందు దాంతోపాటు వచ్చే అల్యూమినియం బిళ్ల మీద సున్నా చేసి, మందం తెలిసిన ప్లాస్టిక్ రేకు పెట్టి ఒకసారి సరిచూసుకో. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటి మీద ఏ మామూలు మీటరూ పనిచేయదు, అల్ట్రాసోనిక్ది కావాలి, అది ఖరీదు. బంపర్లని కంటితోనే చూసుకో.

ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇక్కడి షాపుల్లో మిల్స్ అంటారు, ఒక మిల్ అంటే 25.4 మైక్రాన్లు, కాబట్టి వాళ్ల లెక్కలో 4 నుంచి 6. నువ్వు పంపిన అంకెల్లో హుడ్ 118 నుంచి 126, ఎడమ డోరు 121, రెండు వెనక క్వార్టర్లూ 115, 124. చాలా బాగున్నాయి. ముఖ్యంగా వెనక క్వార్టర్లు, ఎందుకంటే అవి బాడీకి వెల్డింగ్ చేసినవి, బోల్టు విప్పి మార్చేవి కావు. అవి శుభ్రంగా ఉన్నాయంటే బండికి వెనక నుంచి పెద్ద దెబ్బ తగలలేదని సగం ధైర్యం. రూఫు అంకెని మాత్రం మిగతా ప్యానెళ్లతో పోల్చకు. ఆ ఏళ్ల బండ్లకి రూఫు నలుపు ఫ్యాక్టరీలోనే వచ్చేది, ఆ పూత లెక్క వేరు. దాన్ని దానితోనే, కుడివైపు ఎడమవైపు పోల్చి చూడు.

ఇక ఆ కుడి ఫెండరు: 235, 248, 241.

దీన్ని ఇలా చదువు. కింద ఒరిజినల్ 120 ఉండి, దాన్ని పైపైన గరుకు చేసి, కొత్త బేస్, కొత్త క్లియర్ కొడితే ఇంచుమించు 230, 250 దగ్గర తేలుతుంది. ప్యానెల్ అంతటా ఒకేలా ఉంది కాబట్టి పుట్టీ అవకాశం తక్కువ. పుట్టీ ఉంటే ఒకచోట 240, జానెడు పక్కన 700, ఇంకాస్త పక్కన మీటరు చేతులెత్తేయడం, ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అంటే ఎవడో పార్కింగ్‌లో గీత గీశాడు, వీళ్లు మొత్తం ఫెండరుకి ఒక కోటు కొట్టించారు అనుకోవచ్చు. అదే నిజమైతే నాకేం బాధ లేదు. అమ్మేవాడు 'మొత్తం ఒరిజినల్' అన్నాడు చూడు, అది అబద్ధమో అజ్ఞానమో తేల్చుకోవాలి. ఆయన రెండో ఓనరా, అయిదో ఓనరా? అయిదో ఓనరైతే నిజంగానే తెలియకపోవచ్చు.

కానీ మీటరుని పూర్తిగా నమ్మి మోసపోయినవాళ్లని కూడా చూశాను. ఫెండరు పూర్తిగా మార్చేసి ఉంటే? కొత్త ప్యానెల్ మీద పలచటి ప్రైమరు, దాని మీద ఒక వరస పెయింటు, మొత్తం 140. అంకె చక్కగా ఫ్యాక్టరీ లెక్కలో కూర్చుంటుంది. గుద్దిన బండి గుద్దనట్టు కనిపిస్తుంది. నీ బండికి ఎడమ ఫెండరు 128 చూపిస్తోంది, దాన్ని చూసి సంతోషపడిపోకు. ఇక్కడ పనికొచ్చేవి స్టిక్కర్లు, బోల్టులు.

అమెరికాలో దొంగతనాలు ఎక్కువ జరిగే మోడళ్లకి 1987 మోడల్ సంవత్సరం నుంచి ముఖ్యమైన బాడీ భాగాల మీద బండి నంబరు వేయాలనే నిబంధన వచ్చింది. ఎన్‌ఎస్‌ఎక్స్‌కి ఈ చిన్న స్టిక్కర్లు హుడ్, ఫెండర్లు, డోర్లు, క్వార్టర్లు, బంపర్ల లోపలి వైపు ఉంటాయి. అన్నిటి మీదా అదే నంబరు ఉండాలి, డాష్‌బోర్డు మీది నంబరుతో కలవాలి. తర్వాత కొని బిగించిన కంపెనీ విడిభాగమైతే నంబరు బదులు ఆర్ అనే అక్షరం, డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అనే గుర్తు ఉంటాయి. స్టిక్కరు అసలే లేకపోతే ఎవడో పీకేశాడు, లేదా బయట దొరికే భాగం వేశాడు. స్టిక్కరు మీద పెయింటు తుంపర పడి ఉన్నా, చుట్టూ టేపు అంటించిన గీత కనిపించినా, అక్కడ పెయింటు కొట్టే గన్ను ఆడిందని అర్థం. ఎన్‌ఎస్‌ఎక్స్ కొనేవాళ్లు సర్వీసు పుస్తకం కన్నా ముందు ఈ స్టిక్కర్లనే వెతుకుతారు, అందులో అతిశయోక్తి లేదు.

తర్వాత హుడ్ ఎత్తి ఫెండరు బోల్టులు చూడు. స్పేర్ టైరు, బ్యాటరీ అక్కడే ఉంటాయి కాబట్టి హుడ్ ఎత్తమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బోల్టు తల మీద పెయింటు అంచులు చెదరకుండా ఉంటే స్పానరు పడలేదు. మూలలు ఒరుసుకుపోయి లోహం మెరుస్తుంటే, లేదా బోల్టు కింద వాషరు పాత గుర్తు నుంచి ఒక వెంట్రుకవాసి జరిగి ఉంటే, విప్పారు. ఫెండరు విప్పడం నేరం కాదు, సరే. ఎందుకు విప్పారో చెప్పగలగాలి, అంతే. రెండు వైపులా పోల్చు. కుడి వైపు విప్పిన గుర్తులుండి, ఎడమ వైపు లేకపోతే ప్రశ్న కుడి చక్రం వెనక సస్పెన్షన్ దాకా పోతుంది. అప్పుడు పెయింటు వదిలేసి బండిని లిఫ్టు మీదకి ఎక్కించాలి.

రంగు తేడా గురించి కాస్త వివరంగా చెప్పాలి, సిల్వర్ కొనేవాళ్లందరూ తడబడేది ఇక్కడే. ఎరుపో నలుపో అయితే రంగు కలిస్తే కలిసినట్టు. సిల్వర్లో సన్నటి అల్యూమినియం రేకుల ముక్కలుంటాయి, అవి ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. ఒకే డబ్బాలోని పెయింటు, ఒకే మనిషి, ఒకే రోజు. గన్ను దగ్గరగా పట్టి తడిగా కొడితే ముక్కలు అడ్డదిడ్డంగా మునిగిపోయి ఎదురుగా చూస్తే ముదురుగా, పక్కవాటుగా చూస్తే లేతగా కనిపిస్తుంది. దూరం నుంచి పొడిపొడిగా కొడితే ముక్కలు పైన చదునుగా పరుచుకుని దీనికి తలకిందులు. మామయ్య షెడ్డులో సిల్వర్ పని వస్తే కుర్రాళ్ల చేతికి గన్ను ఇచ్చేవాడు కాదు, ఆ రోజు టీ కూడా తాగేవాడు కాదు.

అందుకే అనుభవమున్న పెయింటరు సిల్వర్ ఫెండరు ఒక్కదానికే కొట్టి ఆపడు. కొత్త రంగుని పక్క డోరులోకి మెల్లగా పలచన చేస్తూ కలిపేస్తాడు, క్లియర్ మాత్రం డోరు మొత్తానికి కొడతాడు. నీ బండిలో ఫెండరు ముదురుగా, డోరు మీద గీత గీసినట్టు రంగు మారుతోంది. అంటే కలపలేదు. పని చవకగా చేయించారు. అది ఒక రకంగా నీకు మంచిదే, డోరు ఒరిజినల్‌గా మిగిలింది. కుడి డోరు అంకె మాత్రం నువ్వు పంపలేదు. ముందు అంచున ఒకటి, మధ్యలో ఒకటి, వెనక అంచున ఒకటి కొలువు.

ఇంకో మాట, ముందు బంపరు రంగు హుడ్‌తో కలవడం లేదని కంగారుపడకు. ప్లాస్టిక్ మీద పెయింటు వేరే తీరున కూర్చుంటుంది, ఎండకి వేరేగా మారుతుంది. సిల్వర్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రేకుకీ రేకుకీ మధ్య తేడా ఉంటేనే ఆలోచించు.

ఇక పొక్కు. స్టీలు బండి డోరు కింద పొక్కు లేస్తే లోపల ఎర్ర తుప్పు, మనందరికీ తెలుసు. అల్యూమినియం తుప్పు పట్టదు అంటారు కదా, అది సగం నిజం. ఎర్రగా పట్టదు. తెల్లటి పొడిలా పడుతుంది, పెయింటు కింద వానపాము జాడల్లా సన్నని గీతలుగా పాకుతుంది. డోరు పై రేకుని లోపలి రేకు మీదకి మడిచిన అంచులో నీరు నిలిచినా, డోరు కింద నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయినా, స్టీలు స్క్రూ నేరుగా రేకుని తాకుతున్నా ఇది మొదలవుతుంది. టెక్సస్ బండే కాబట్టి రోడ్ల మీద చల్లే ఉప్పు బాధ తక్కువ. మొదటి పదేళ్లు ఏ ఊళ్లో తిరిగిందో కార్‌ఫ్యాక్స్‌లో (బండి పాత చరిత్ర చెప్పే రిపోర్టు) చూడు. న్యూజెర్సీ, ఒహాయో లాంటి చోట శీతాకాలాలు గడిపిన బండైతే మిగతా అంచులన్నీ వేలితో తడుముకుంటూ వెళ్లు. గల్ఫ్ తీరం పక్కనే ఇల్లుంటే ఉప్పుగాలి ఉంటుంది, అది వేరే సంగతి. హ్యూస్టన్ బండి కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను: 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఎక్కడుందో అడుగు, సీటు కింద కార్పెట్ ఎత్తి చూడు. పెయింటుకి సంబంధం లేదు, కానీ అడగకపోతే నన్నే తిడతావు.

ఆ పొక్కు ఒక్కటే అయితే, చుట్టూ అంకె 120 దగ్గరే ఉంటే, డోరు ఎప్పుడూ ముట్టుకోని ఒరిజినలే, వయసు వల్ల వచ్చింది. అల్యూమినియం పని తెలిసిన షాపు దాన్ని గీకి, శుభ్రం చేసి, ఆ కింది అంచు వరకే పని ముగించగలదు. చుట్టూ అంకె పెరిగి ఉంటే ఎవడో ఒకసారి బాగు చేశాడు, అది మళ్లీ లేచింది. రెండోసారి లేచిన పొక్కు ఖరీదైనది, డోరు విప్పి మడత లోపలి దాకా వెళ్లాలి. గోరుతో గిల్లకు. అమ్మేవాడి ముందు పెచ్చు ఊడితే గొడవ.

స్పాయిలర్ సంగతి ఒక్క ముక్క: ఆకాశం చూస్తూ పడుకునే భాగం కాబట్టి క్లియర్ ముందు అక్కడే చస్తుంది. పాలిష్‌తో బాగుపడదు, కానీ విడిగా విప్పి కొట్టించుకునే భాగమే. భయపడాల్సిన పని కాదు.

ముక్కు మీద దెబ్బలు నాకు ఇష్టం, నిజం చెబుతున్నా. ఎన్‌ఎస్‌ఎక్స్ ముక్కు నేలకి ఎంత కిందగా ఉంటుందో తెలుసు కదా, ముందు వెళ్లే ట్రక్కు విసిరే రాళ్లన్నీ దానికే. 86 వేల మైళ్లు తిరిగి ముక్కు మీద ఒక్క దెబ్బ లేదంటే బంపరు మళ్లీ కొట్టించారు, లేదా ఓడోమీటరు అబద్ధం, లేదా కొత్తప్పట్నుంచీ పెయింటుని కాపాడే ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంది. ఈ మూడింట్లో ఏదో ఫొటోల్లో తేలదు. దెబ్బలున్న ముక్కు నీకు వెంటనే నిజం చెబుతోంది. ఒక్కటి మాత్రం చూసుకో, హుడ్ ముందు అంచున దెబ్బలు రేకు దాకా వెళ్లి తెల్లగా పొంగుతున్నాయా? పొంగితే టచప్ చాలదు. పొంగకపోతే పుల్లతో చుక్కలు పెట్టుకుని హాయిగా నడుపుకో. ఆ రోజుల్లో చాలామంది ముక్కుకి నల్లటి వినైల్ ముసుగు తొడిగేవాళ్లు. దాని కింద తేమ చేరి, ముసుగు అంచు వెంబడి పెయింటు మీద మచ్చ గీతలా మిగిలిపోతుంది. నీ ఎనిమిదో ఫొటోలో హెడ్‌లైట్ మూత ముందు అడ్డంగా ఉన్నది అదే అయ్యుంటుంది.

ఆస్టిన్ ఎర్రదాని దగ్గరికి వస్తాను. వారం కిందటే సెరామిక్ కోటింగ్ (పెయింటు పైన మెరుపు కోసం వేసే గట్టి పూత) వేయించారట, ఫొటోలు సంధ్యవేళ తీశారట, ముక్కు మీద ఒక్క చుక్క లేదట. నా మీద ఒట్టు, నాకు రక్తం మరిగింది. కొట్టించి ఉండొచ్చు, కొట్టించకపోయి ఉంటే ఇంకా ప్రమాదం, రబ్బింగ్ పెట్టి అరగదీసి ఉండొచ్చు. క్లియర్ కోటు మొత్తం కలిపి 40, 50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే పలచన. ఎండని ఆపేది ఆ పొరే. షోరూముకి వెళ్లే ముందు ప్రతిసారీ బఫింగ్ మిషను ఆడిస్తే అది కరిగిపోతూ ఉంటుంది, మెరుపు మాత్రం పెరుగుతూ ఉంటుంది. గీతలు లేవని సంతోషపడి కొన్న రెండేళ్లకి పెచ్చులు లేస్తాయి. ప్యానెల్ మధ్యలో 115 ఉండి, పదునైన అంచుల దగ్గర 75, 80కి పడిపోతుంటే అది అరిగిపోయిన పెయింటు. రాళ్ల దెబ్బలున్న 120 కంటే మచ్చలేని 80 చాలా చెడ్డ కొనుగోలు. ఆ ఎర్రదాని అంకెలు పంపమను, పంపకపోతే నీకు జవాబు వచ్చినట్టే.

ఎప్పుడు ఎలా చూడాలో కూడా చెబుతాను. మిట్టమధ్యాహ్నం వద్దు, ఆ వెలుతురు అన్నిటినీ కాల్చి ఒకేలా చూపిస్తుంది. పొద్దున్నే నీరెండలో చూడు, లేదా సాయంత్రం. ముందురోజు కడిగించమని చెప్పు, అక్కడే నీళ్లు పోసి తడిగా చూపిస్తానంటే ఒప్పుకోకు, తడి పెయింటు ప్రతిదీ కొత్తదే. తర్వాత గ్యారేజీలోకి తీసుకెళ్లి పొడుగు ట్యూబులైటు నీడ ప్యానెళ్ల మీద పారేలా నిలబడు, నువ్వు నడుస్తుంటే ఆ గీత నీళ్లలా సాగాలి. వణికిన చోట సొట్ట ఉంది. మన డాలస్ వైపు తిరిగిన బండైతే హుడ్, రూఫు మీద వడగళ్ల గుంటలు ఇలాగే దొరుకుతాయి, అల్యూమినియం కాబట్టి తొందరగా పడతాయి, సాపు చేయడం స్టీలు కంటే కష్టం. ఫ్యాక్టరీ పెయింటు మీద కూడా బత్తాయి తొక్కలాంటి సన్నని గరుకు ఉంటుంది, అది లోపం కాదు. ఒక ప్యానెల్ మీద తొక్క, పక్కదాని మీద అద్దం ఉంటే అనుమానించు. డోరు రబ్బర్లు మెల్లగా వెనక్కి వంచి లోపల గోరు ఆడించు, టేపు అంచు తగులుతుంది. చేతికి పలచటి పాలిథీన్ సంచీ తొడుక్కుని ప్యానెల్ మీద జార్చు, కంటికి కనబడని పెయింటు తుంపర ఇసకలా చేతికి తెలుస్తుంది. నవ్వుతారు, నవ్వనీ.

డబ్బు సంగతి. ఈ బండిని అద్దాలు, రబ్బర్లు, లైట్లు విప్పి నిజాయితీగా పూర్తి పెయింటు చేయించాలంటే అయిదంకెల డాలర్లకి తక్కువ ఎక్కడా కాదు. పైగా అలా కొట్టించిన తర్వాత బండి విలువ ఒరిజినల్ పెయింటున్న దానికంటే తగ్గుతుంది. కాబట్టి పూర్తి పెయింటింగ్ ఖర్చు లెక్కగట్టి బేరం ఆడకు, అమ్మేవాడు నవ్వుతాడు, నిన్ను కొత్తవాడనుకుంటాడు. డోరు పొక్కుకి, స్పాయిలర్‌కి అల్యూమినియం పని చేసే షాపు నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని అంత తగ్గించమను. ముక్కు గురించి ఒక్క మాట ఎత్తకు. ఫెండరు గురించి మాత్రం బిల్లు ఉందా, ఫొటో ఉందా, ఎవరు చేశారు అని అడుగు. బిల్లుతో పాటు నిజం చెబితే ఆ ఫెండరుకి నేను పైసా కూడా తగ్గించమనను. ఇంకా ఒరిజినలే అని వాదిస్తే మిగతా మాటలెన్ని నమ్మాలో నీకే తెలుస్తుంది. కార్‌ఫ్యాక్స్ శుభ్రంగా ఉందని చూపిస్తాడు, నగదు ఇచ్చి చేయించిన పని అందులో ఎక్కదని గుర్తుంచుకో.

నువ్వు రాసిన దాన్ని బట్టి చూస్తే నాకు ఈ సిల్వర్ బండి మంచిదే అనిపిస్తోంది. నేనైతే పొద్దున ఏడింటికల్లా హ్యూస్టన్‌లో ఉండేలా బయల్దేరతాను. నాన్ ఫెర్రస్ మీటరు నా దగ్గర ఉంది, కొనకు, దండగ. శనివారం మా అమ్మాయి కూచిపూడి క్లాసు మీ ఫ్రిస్కోలోనే, దారిలో ఇచ్చి వెళ్తాను. శుక్రవారం లోపు మెసేజ్ పెట్టు. మీటరులో బ్యాటరీ మాత్రం కొత్తది వేసుకో, పాతది అయిపోవస్తే అంకెలు తప్పు చూపిస్తోంది.